బలరాం కడుపు తనిఖీ

భూపాలపల్లిలో ఒక బొగ్గు బాయిలోకి దిగే ప్రతి మనిషినీ బలరాం ఇరవై తొమ్మిదేళ్లపాటు తడిమి చూసి పంపాడు. అరవై ఏళ్లు నిండాక కంపెనీ అతనికి ఒక శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపింది. తడమడానికి మనుషులు లేక అప్పటినుంచి అతను ఇంట్లోవాళ్లతోనే సరిపెట్టుకుంటున్నాడు.

ముందు ఆ ఉద్యోగం సంగతి చెప్పాలి. బాయి లోపల గ్యాసు ఉంటుంది. అగ్గిపుల్ల ఒకటి గీస్తే చాలు, షిఫ్టు మొత్తం తిరిగి రాదు. అందుకని బీడీ గాని అగ్గిపెట్టె గాని లోపలికి పోకూడదని చట్టం. బీడీ లేకుండా ఎనిమిది గంటలు ఎట్లా గడపాలన్నది కార్మికుడి బాధ. ఈ రెంటికీ నడుమ, బాయి మూతి దగ్గర, ఖాకీ కోటు వేసుకొని బలరాం నిలబడేవాడు. చేతులెత్తి నిలుచున్న మనిషిని చంకల నుంచి చీలమండల దాకా తడిమి, టిఫిన్ డబ్బా మూత తీయించి, నోరు తెరిపించి చూసి, ఆఖరికి "సాఫ్" అనేవాడు. ఆ మాట పడితేనే అడుగు ముందుకు. మనిషి ఒంటిమీద బీడీ దాచుకోవడానికి పదిహేడు చోట్లున్నాయని బలరాం కనుగొన్నాడు. వైద్యశాస్త్రం ఇంకా అంత దూరం పోలేదు.

ఇంత నిష్ఠగల జీవితంలో ఒక మచ్చ ఉంది. దాన్ని ఎవరూ రాయకూడదని అతని కోరిక. రాయక తప్పడం లేదు. ఒకనాడు మొదటి షిఫ్టు వేళ బలరాం ముక్కుకు బీడీ వాసన తగిలింది. నూట ఇరవై మందిని నిలబెట్టాడు. ఒక్కొక్కరినీ రెండేసిసార్లు తడిమాడు. బూట్లు విప్పించాడు. ముప్పావు గంట గడిచింది. వాసన పోలేదు, బీడీ దొరకలేదు. చివరికి యోసేపు అనే పెద్ద వయసు కార్మికుడు, ఎత్తిన చేతులు దించకుండానే, "బలరామన్నా, జర నీ కోటు జేబుల గూడ జూడు" అన్నాడు. ముందురోజు ఎవరి దగ్గరో పట్టుకున్న బీడీకట్ట అందులో భద్రంగా ఉంది.

ఇక ఇల్లు. ఇంట్లో భార్య చిలుకమ్మ, కొడుకు యుగేందర్, ఏడాది కింద వచ్చిన కోడలు షారోన్. షారోన్‌ది బచ్చన్నపేట. వాళ్ల నాయిన పత్తి పండిస్తాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఆమె భూపాలపల్లిలోనే ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్లి పిల్లలిద్దరూ అనుకొని చేసుకున్నదే. బలరాం అడ్డు చెప్పలేదు. అట్లాగని "సాఫ్" అని కూడా అనలేదు.

కోడలి మీద అతని దగ్గరున్న ఆధారాలు బలమైనవి. ఆమె సంచిలో చిన్న చిన్న మూతల సీసాలు ఉంటాయి. అన్నం ముందు కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంది. ఆ కాసేపూ ఆమె చేతులు ఏం చేస్తున్నాయో కనిపెట్టడానికి బలరాం కళ్లు ఇంతలేసి చేసుకొని కూర్చోవాలి. పైగా రోజూ "కారం సరిపోయిందా మామా" అని అడుగుతుంది. బలరాం అనుభవంలో, అడగకముందే డబ్బా మూత తీసి చూపించినవాడి దగ్గరే బీడీ ఎక్కువసార్లు దొరికింది. అందుచేత ఆ ప్రశ్నకు అతను ఏనాడూ జవాబు చెప్పలేదు.

ఇట్లా ఉండగా కడుపులో మంట ముదిరింది. తెల్లవారేసరికి రొమ్ము కింద నిప్పు పెట్టినట్టు ఉంటుంది. తింటే ఉబ్బరం, తినకపోతే పోటు. బలరాం నెలరోజులు ఆలోచించి, "నాకు మందు పెట్టిండ్రు" అని తేల్చాడు.

ఈ మాట వినని ఊరు ఈ జిల్లాల్లో లేదు. పగవాళ్లో, మనిషిని చెప్పుచేతల్లో పెట్టుకోవాలనుకునేవాళ్లో అన్నంలో ఏదో కలిపి పెడతారని, అది అరగకుండా కడుపును కరుచుకొని మనిషిని లోపలినుంచి తింటుందని నమ్మకం. పెట్టేవాళ్లను ఎవరూ చూడలేదు గాని, తీసేవాళ్లు మాత్రం మండలానికి ఒకరిద్దరు ఉంటారు.

"నీ కడుపునొప్పి షారోన్ పుట్టకముందు సంది ఉన్నది గదనయ్యా" అంది చిలుకమ్మ. "మన లగ్గమైన కొత్తల సోడా లేకుంటె నీకు పొద్దు పోకపోవు."

"అది వేరే నొప్పి. గిది వేరే."

"నొప్పులకు గూడ హాజరు పట్టీ పెట్టినవా?"

బలరాం కొత్త పద్ధతి ఒకటి పెట్టాడు. షారోన్ వడ్డించగానే ఒక ముద్ద నోట్లో వేసుకొని, నాలుక మీద తనిఖీ చేసి, ఆ కంచాన్ని యుగేందర్ ముందుకు తోసి, కొడుకు కంచాన్ని తన ముందుకు లాక్కునేవాడు. మొగుడి కంచంలో ఏ ఆడదీ మందు కలపదు కాబట్టి అది నమ్మకమైన కంచం. ఒకవేళ మందున్న కంచం మొగుడి ముందుకు పోతే ఆమె కంగారుపడి దొరికిపోతుంది. మూడు నెలలు ఇట్లా గడిచాయి. షారోన్ కంగారుపడలేదు. ఇంత గట్టి గుండె మామూలు మనుషులకు ఉండదని బలరాం నిర్ధారణ చేసుకున్నాడు.

ఒక శనివారం అతను నలుగురూ ఉండగా ప్రకటన చేశాడు. "రేపు తరిగొప్పుల అవతల కొమురమ్మ కాడికి పోతున్న. నా కడుపులకెళ్లి మందు పడ్డదంటే, ఈ పిల్ల ఇంట్ల ఉండది. గంతే."

"ఆమె పోతె నేనూ పోత బాపు" అన్నాడు యుగేందర్.

"నేనెందుకుంట మరి" అంది చిలుకమ్మ. "నేనూ పోత. వండుకునుడు, అనుమానపడుడు, రెండు పనులు నువ్వే జేసుకో."

షారోన్ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "నేను గూడ వస్త మామా. మందు పడితే అట్నుంచి అటే బచ్చన్నపేటకు పోత, దగ్గరనే గద. పడకపోతే మాత్రం మీరు జనగామ దవాఖానల కడుపులకు కెమెరా దింపించుకోవాలె."

ఈ బేరంలో మోసం ఎక్కడుందా అని బలరాం ఆ పూటంతా వెతికాడు. దొరకలేదు. దొరకకపోవడం అతని అనుమానాన్ని ఇంకొంచెం పెంచింది.

కొమురమ్మకు డెబ్బై దాటాయి. నోట్లో పళ్లు కొన్నే ఉన్నా పేరు నాలుగు మండలాల్లో ఉంది. ఆమె రోగిని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు పక్కన ఒక ఇత్తడి గొట్టం ఆనించి, నోటితో పీల్చి, వచ్చినదాన్ని పళ్లెంలో ఉమ్ముతుంది. బలరాం వంతు వచ్చేసరికి అరుగు మీద పదిమంది దాకా ఉన్నారు.

"ఎవల చేతి అన్నం తింటున్నవు బిడ్డా?"

"కోడలు వండుతది."

"ఆఁ" అంది కొమురమ్మ. తీర్పులో సగం ఆ ఒక్క అక్షరంలోనే ఉంది.

ఆమె గొట్టం ఆనించి మూడుసార్లు గట్టిగా పీల్చింది. నాలుగోసారి లేచి కూర్చొని పళ్లెంలోకి ఉమ్మింది. చింతగింజంత ఉండ, నల్లగా, చుట్టూ వెంట్రుకలు చుట్టుకొని ఉంది. "గిదో. పెట్టి ఏడాదైంది" అంది.

అరుగు మీది పదిమందీ షారోన్ వైపు తిరిగారు. చిలుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యుగేందర్ లేచి నిలబడ్డాడు. షారోన్ గోడకు ఆనించిన బట్టల సంచి తీసి భుజానికి తగిలించుకుంది. ఇంటినుంచి బయల్దేరేటప్పుడే ఆమె దాన్ని సర్దుకొని వచ్చిందని బలరాం అప్పుడే గమనించాడు. ఇంకొకటి కూడా గమనించాడు. గొట్టం నోట్లో పెట్టుకునే ముందు కొమురమ్మ ఎడమ బుగ్గ ఉండవలసినదానికంటే కొంచెం ఎత్తుగా ఉంది. ఇప్పుడు లేదు. పదిహేడు చోట్లలో అది నాలుగోది.

ఏడాదిగా పెంచి పెద్దచేసిన అనుమానం నిజమని పళ్లెంలో సాక్ష్యం పడి ఉంది. బలరాం చేయవలసిందల్లా కళ్లు మూసుకోవడం. అది మాత్రం అతనికి ఎన్నడూ చేతకాలేదు.

చాప మీద లేచి కూర్చొని, "అవ్వా, నోరు తెరువు" అన్నాడు.

"ఏందిరా?"

"తెరువు. నాలిక పైకెత్తు. ఎడమ దిక్కు అయిపోయింది. కుడి బుగ్గ జూపియ్యి."

ఆ గొంతు విని బాయిలో మేనేజర్లు కూడా చేతులెత్తేవారు. కొమురమ్మ నోరు తెరిచింది. కుడి బుగ్గలో ఇంకో ఉండ ఉంది. అది తర్వాతి రోగిది.

అరుగు మీద తర్వాతి రోగి మెల్లగా చెప్పులు వేసుకున్నాడు. కొమురమ్మ ఆ రెండో ఉండను కూడా పళ్లెంలో ఉమ్మి, మూతి తుడుచుకుంది. "నలభై ఏండ్ల సంది తీస్తున్న. పంతుల్లు వచ్చిండ్రు, పోలీసులు వచ్చిండ్రు. ఒక్కడు నా నోరు తెరువుమనలే. ఏం పని జేస్తవు బిడ్డా నువ్వు?"

"బాయి మూతి కాడ తనిఖీ."

"గట్ల జెప్పు." ఆమె అతని చెవి దగ్గరికి వంగింది. "నీకెవ్వలు ఏం పెట్టలే. తెల్లారంగ మంటనేనా? తింటె ఉబ్బుతదా? నాకు గూడ గంతే." నడుము సంచిలోంచి ఒక గోలీల పట్టీ తీసి చూపించింది. "గివి మింగుత. జనగామ డాక్టరమ్మ రాసిచ్చింది. పో."

తిరుగు బస్సులో బలరాం తన వాదాన్ని మళ్లీ నిలబెట్టుకున్నాడు. "ఆమెది అబద్ధం. ఒప్పుకుంట. మందే అబద్ధమని ఎవలన్నరు? అసలుది లోపల్నే ఉన్నదేమో."

"ఇగ నీ కడుపుల నన్ను దిగి చూసి రమ్మంటవా?" అంది చిలుకమ్మ.

"నువ్వెందుకత్తా, కెమెరా దిగుతది" అంది షారోన్. బట్టల సంచి ఆమె ఒళ్లోనే ఉంది.

మర్నాడు యుగేందర్ డ్యూటీకి పోతే, ముగ్గురూ జనగామ పోయారు. డాక్టరు శృతి వయసు షారోన్ కంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటుందేమో. మత్తు వద్దని, తెర తనకు కనిపించేటట్టు పెట్టాలని బలరాం షరతు పెట్టాడు. ఆమె అతని గొంతులో తిమ్మిరి మందు కొట్టి, నల్లటి సన్నని గొట్టం లోపలికి దింపింది. తెరమీద గులాబీరంగు గుహ తెరుచుకుంది. బలరాం మాట్లాడలేడు గనుక వేలితో దారి చూపించాడు: ఎడమకు, కిందికి, ఆ మడత వెనక్కి. మూలమూలా చూపించిన తర్వాతే అతని చేయి దిగింది. ఉండ లేదు. వెంట్రుక లేదు. కింద, బయటికి పోయే దారి దగ్గర మాత్రం గోడంతా ఎర్రగా, వాచి, అక్కడక్కడా గీరుకుపోయి ఉంది.

డాక్టరు అక్కడినుంచి చిటికెడు ముక్క తీసి పసుపుపచ్చని జిగురు ఉన్న బిళ్లలో పెట్టింది. చూస్తుండగానే ఆ పసుపు గులాబీకి తిరిగింది. ఇంకో ముక్కను తన కళ్లముందే ఇంకో బిళ్లలో పెట్టాలని బలరాం సైగ చేశాడు. అదీ తిరిగింది.

"సూక్ష్మజీవి బాపు" అంది డాక్టరు, అతను మూతి కడుక్కొని కూర్చున్నాక. "హెలికోబాక్టర్ అంటరు. చిన్నప్పుడే వచ్చి ఉంటది. యాభై ఏండ్లు దాటిందేమో."

నొప్పికంటే ఆ మాట బలరాంను ఎక్కువ గాయపరిచింది. "యాభై ఏండ్ల సంది దొంగ లోపల ఉంటె, మరి అక్కడ కాపలా లేదా?"

"ఎందుకు లేదు? ఆ గోడే కాపలా. కడుపు లోపలి పొర ఉత్త తోలు అనుకుంటం గానీ, అండ్ల ఉన్న కణాలు ఊకె కూసోవు. పైన జిగురు పూస్తయి. క్రిములను చంపే మందులు అవే తయారుజేస్తయి. క్రిమి ముక్క తాకిందంటే ఇది మనది కాదని గుర్తుపడతయి."

"తడిమి చూస్తయన్నట్టు."

"అట్లనే అనుకో. గుర్తుపట్టంగనే రసాయనాలు విడిచి, రక్తంలకెళ్లి తెల్లకణాలను పిలుస్తయి. సైరన్ కొట్టినట్టు. ఒక్కోపారి క్రిమి ముక్కను పట్టుకొని, వచ్చినోళ్లకు చూపిస్తయి గూడ, ఇగో గిసొంటోడు జొచ్చిండు అని."

పట్టుకున్న బీడీకట్టను మేనేజరు బల్లమీద పెట్టిన రోజులు బలరాంకు గుర్తొచ్చాయి. మొదటిసారిగా తన కడుపు మీద అతనికి గౌరవం కలిగింది. "ఇంత జేసినంక దొరకలేదేంది మరి?"

"అది గడుసుది. కడుపుల ఆమ్లముంటది గద, దాన్ని విరిచేటిది తన చుట్టు తయారుజేసుకుంటది. జిగురు లోపలికి దూరి కూసుంటది. పిలిస్తె వచ్చినోళ్లకు అది సరిగ అందదు. వచ్చినోళ్లు వట్టిగ పోతరా? ఉన్నకాడ్నే కొడుతరు. దొంగకు తగిలేది కొంచెం, గోడకు తగిలేది ఎక్కువ. మీరు జూసిన ఎరుపు గదే. సైరన్ మోగుడు ఆగదు, కొట్లాట ఆగదు, దొంగ పోడు."

"నూట ఇరవై మందిని నిలవెట్టినట్టు" అన్నాడు బలరాం.

డాక్టరుకు అర్థం కాలేదు. చిలుకమ్మకు అర్థమైంది; ఆ బీడీకట్ట కథ కాలనీ అంతటికీ తెలుసు.

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. బలరాం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఎవలు పెట్టిండ్రు నాకు?"

"ఎవలూ పెట్టరు బాపు. ఎక్కువమందికి పసితనంల, ఇంట్లోళ్ల నోటికెళ్లో, నీళ్లకెళ్లో వస్తది. పక్కాగ గిట్లనే అని చెప్పలేం. ఎనుకట పిల్లలకు నమిలి పెట్టేటోళ్లు గద."

పుట్టిన ఊరు తరిగొప్పులలో, చేను గట్టు మీద, కలుపు తీస్తున్న తల్లి జొన్నరొట్టె ముక్క నమిలి మెత్తచేసి తన నోట్లో పెట్టడం బలరాంకు లీలగా గుర్తుంది. ఆమె పోయి ఇరవై రెండేళ్లయింది. అతను జీవితంలో అనుమానించని మనిషి ఆమె ఒక్కతే.

షారోన్ అడిగింది. "డాక్టర్, ఒక ముద్ద తిని, ఆ కంచం ఇంకొకరికి మారుస్తే?"

"గట్ల ఎవలు మారుస్తరు?"

చిలుకమ్మ మొగుడి వైపు చూసింది.

"పెద్దోళ్లకు అంత సులువుగ అంటదు గానీ, ఎంగిలి కంచం మంచిది కాదు" అంది డాక్టరు. "మీ ఇంట్ల అందరికి పరీక్ష చేద్దాం, తీసుకరాండ్రి."

తర్వాతి వారం ఊపిరి పరీక్ష జరిగింది. ఏదో తాగించి, కాసేపాగి, చిన్న సంచిలోకి ఊదమంటారు. షారోన్ ఊదుతున్నప్పుడు బలరాం పక్కనే నిలబడి ఆమె బుగ్గలు చూశాడు. ఆమె ల్యాబు మనిషి కాబట్టి సంచి మీద పేరు కూడా తానే రాశాడు. సాయంత్రానికి కాగితాలు వచ్చాయి. చిలుకమ్మకు ఉంది. యుగేందర్‌కు ఉంది, చిన్నప్పుడే వచ్చిందో, మొన్నటి కంచాలతో వచ్చిందో చెప్పగల శాస్త్రం లేదు. షారోన్‌కు లేదు.

బలరాం ఆ కాగితాన్ని ముందూ వెనకా చూశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. ఆ ఇంట్లో నలుగురిని తనిఖీ చేస్తే ముగ్గురి దగ్గర సరుకు దొరికింది. దొరకనిది, ఏడాదిగా తాను నిలబెట్టి ఉంచిన మనిషి దగ్గరే. కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, ఎటో చూస్తూ, "సాఫ్" అన్నాడు.

"ఇంకోపారి అనుండ్రి మామా" అంది షారోన్. "అత్త వినలే."

"విన్న" అంది చిలుకమ్మ. "అయినా అనుమను."

పద్నాలుగు రోజులు గోలీలు. మలం నల్లగా వస్తుందని, అది మందు వల్లనేనని, భయపడవద్దని డాక్టరు ముందే చెప్పింది. బొగ్గు బాయి మనిషిని నలుపు చూపి భయపెట్టడం ఎవరివల్లా కాదు గాని, ఆ గోలీల చేదు మాత్రం బలరాంకు పడలేదు. ముగ్గురికీ గోలీలు పంచే పని షారోన్‌ది. రెండోనాడు ఆమె మామగారి ముఖం వైపు కొంచెం ఎక్కువసేపు చూసింది.

"నోరు తెరువుండ్రి మామా."

"మింగిన."

"నాలిక పైకి. ఎడమ బుగ్గ."

గోలీ అక్కడే ఉంది. కొమురమ్మ దగ్గర కూర్చొని ఆ పిల్ల ఏదీ నేర్చుకోలేదని బలరాం అనుకోవడం పొరపాటు. ఆనాటినుంచి రెండు పూటలా అతను చేతులెత్తడం ఒక్కటే తక్కువ. తక్కిన తనిఖీ అంతా పూర్తిగా జరిగింది. తాను ఇరవై తొమ్మిదేళ్లు ఇంతమందిని ఇంత ఇబ్బంది పెట్టానా అని చిలుకమ్మను ఒకసారి అడిగాడు. పెట్టావంది.

నెలన్నర తర్వాత మళ్లీ ఊదితే ముగ్గురికీ లేదని వచ్చింది. మంట చాలావరకు తగ్గింది. మొత్తం పోయిందని బలరాం ఒప్పుకోడు. అంత తొందరగా పోయేది ఏదైనా మళ్లీ వస్తుందని అతని అనుభవం.

కొమురమ్మ దగ్గరికి పోయివచ్చిన ఆదివారం నుంచి షారోన్ బట్టల సంచి తలుపు వెనక కొక్కేనికి అట్లాగే వేలాడుతూ ఉంది. ఒక మధ్యాహ్నం అది ఖాళీగా, ఉతికి, దండెం మీద ఆరేసి కనిపించింది. బలరాం దాన్ని చూసుకుంటూ వచ్చి పీట మీద కూర్చున్నాడు. షారోన్ అన్నం, పప్పుచారు వడ్డించి, తన కంచం ముందు కళ్లు మూసుకుంది. యుగేందర్ అలవాటు కొద్దీ తన కంచాన్ని తండ్రి వైపు సగం తోశాడు. బలరాం దాన్ని వెనక్కి తోశాడు. తర్వాత, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకొని, తానూ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన కోసం కాదు. చేతకాని పని ఎంతసేపు చేయగలడో చూద్దామని.

"కారం సరిపోయిందా మామా?"

బలరాం ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"కారం మంచిగనే ఉన్నది" అన్నాడు. "ఉప్పే జర తక్కువైంది."